“పథకమే రాకపోయి ఉంటే?”: అమ్మ ఒడిపై ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: నేను రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. ‘అమ్మ ఒడి’ వల్ల ప్రభుత్వ బడుల్లో పిల్లల చేరికలు పెరిగాయా అనే విషయాన్ని ప్రాజెక్టుగా తీసుకున్నాను. పథకానికి ముందు మూడేళ్ల చేరికలనూ తరువాత మూడేళ్ల చేరికలనూ పోల్చాలని, మా మండలంలో డబ్బు అందుకున్న రెండు వందల మంది తల్లులను కలిసి మేలు జరిగిందా అని అడగాలని అనుకున్నాను. మా గైడ్ సరేనన్నారు. హైదరాబాదులో చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు మాత్రం లాటరీ వేసి ప్రయోగం చేస్తే తప్ప ఇలాంటివి తేలవని, ఇదంతా వృథా శ్రమ అని అంటున్నాడు. మా తమ్ముడి పేరు మీద మా అమ్మకు కూడా ఈ డబ్బు వచ్చింది. అలాంటప్పుడు నేను దీని మీద నిష్పక్షపాతంగా రాయగలనా? పన్నుల మీద చేద్దామంటే డేటా దొరకదంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వేసుకున్న ప్రణాళిక ప్రకారం వెళ్తే చివరికి చేతికి ఒక అంకె వస్తుంది గానీ, అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. మీరింకా ఊళ్లకు బయలుదేరలేదు కాబట్టి ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను. అలాగని లాటరీ వేయనిదే ఏదీ తేలదన్న మీ అన్నయ్య మాటను కూడా నేను ఒప్పుకోను. మీ విషయం మంచిది. దాన్ని అడిగే తీరు మార్చుకోవాలి.

ముందు, తరువాత అనే పోలికను మొదట చూద్దాం. అమ్మ ఒడి 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైంది. పేద కుటుంబాల్లో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లల తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు వేయాలన్నది పథకం. తరువాతి విడతల్లో అందులో కొంత బడి నిర్వహణకు మినహాయించారు. పథకం మొదలై రెండు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. అంతకు కొద్దిగా ముందే, 2019 నవంబరులో, బడుల భవనాలనూ మరుగుదొడ్లనూ బాగుచేసే ‘మన బడి నాడు–నేడు’ మొదలైంది, ఇంగ్లీషు మీడియం మీద ప్రభుత్వ ఉత్తర్వు కూడా ఆ నెలలోనే వెలువడింది. మీరు ‘తరువాత’ అని పిలిచే మూడేళ్లలో ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చేరికలు పెరిగినా తగ్గినా, అందులో ఏ వాటా దేనిదో ఆ పోలిక చెప్పలేదు.

ఇంకొక లెక్క చూడండి. గ్రామీణ భారతంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతమైతే 2022లో 72.9 శాతమని పల్లె పిల్లల చదువులను పరిశీలించే ‘అసర్’ సర్వే తేల్చింది. ఇది దేశమంతటి లెక్క, అంటే అమ్మ ఒడి ఊసే లేని రాష్ట్రాల పిల్లలే ఇందులో అత్యధికులు. కరోనా కాలంలో ఇళ్లలో ఆదాయాలు పడిపోయి ఫీజులు కట్టలేక, చిన్న చిన్న ప్రైవేటు బడులు నడవలేక మూతపడి, పిల్లలు ప్రభుత్వ బడులకు వచ్చారు. పరిస్థితులు కుదుటపడ్డాక, 2024 నాటికి అదే లెక్క 66.8 శాతానికి దిగింది. మీ మండలంలోని పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారి వాటా 2019కీ 2022కీ మధ్య ఏడెనిమిది శాతం పాయింట్లు పెరిగిందనుకోండి. అది అమ్మ ఒడి వల్లేనని మీరు రాస్తే, పథకం లేని చోట కూడా అంతే పెరిగింది కదా అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

పైగా ఈ పథకం ప్రభుత్వ బడి పిల్లలకే కాక ప్రైవేటు బడి పిల్లలకూ వర్తించింది. చేతికి డబ్బు అందిన తల్లి దానికి ఇంకొంత కలిపి బిడ్డను ఊరి బడి మాన్పించి టౌనులోని ప్రైవేటు బడికి పంపనూ వచ్చు. అంటే ప్రభుత్వ బడుల చేరికలు పెరగాలన్న మీ అంచనాకే గట్టి ఆధారం లేదు. అవి తగ్గినా పథకం పనిచేయలేదని అర్థం కాదు. ఒక విధానం మనుషుల చేతికి ఏమిస్తుందో, వారి ముందు ఏయే దారులు తెరుస్తుందో కాగితం మీద రాసుకున్న తరువాతే ఏ అంకెను కొలవాలో నిర్ణయించుకోవాలి. ఇందుకు పాఠ్యపుస్తకం కంటే ప్రభుత్వ ఉత్తర్వు ఎక్కువ పనికివస్తుంది. దాన్ని ఒక్కో వాక్యం చొప్పున చదవండి.

పన్ను గానీ సంక్షేమం గానీ, దాని ప్రభావాన్ని కొలవడమంటే ఒక్కటే ప్రశ్న: ఈ విధానమే రాకపోయి ఉంటే ఈ మనుషులు ఈపాటికి ఎలా ఉండేవారు? ఆ స్థితి ఎవరి కంటికీ కనబడదు, ఏ రిజిస్టరులోనూ ఉండదు. దానికి దగ్గరగా ఉండే మనుషులనో ఊళ్లనో మరెక్కడి నుంచో వెతికి తెచ్చుకోవాలి. పథకానికి ముందున్న అదే ఊరు అందుకు సరిపోదని పైన చూశాం. డబ్బు అందుకున్న తల్లులను మాత్రమే కలవడమూ సరిపోదు, ఎందుకంటే అక్కడ పోల్చడానికి రెండో పక్షమే లేదు. పరిశోధకుల తెలివంతా ఆ రెండో పక్షాన్ని వెతకడంలోనే ఖర్చవుతుంది. రిగ్రెషన్, అంటే ఒక అంశంతో పాటు మరొకటి ఎంత మారుతోందో కట్టే లెక్క, ఆ తరువాతి పని.

లాటరీ వేస్తే ఎందుకంత నమ్మకం కుదురుతుందో చెప్పడానికి మన ప్రాంతంలోనే జరిగిన పెద్ద ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, సామాజిక పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడి, ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలో, ఏ మండలానికి చివర ఇవ్వాలో లాటరీతో తేల్చారు. ముందు వరుసలో 112 మండలాలు, చివరి వరుసలో 45 మండలాలు వచ్చాయి. ఆ జిల్లాల జనాభా దాదాపు 1.9 కోట్లు. రెండేళ్ల తరువాత ఇళ్లకు వెళ్లి అడిగితే, ముందు వరుస మండలాల్లో కూలి డబ్బు త్వరగా చేతికందుతోందని, దాన్ని తెచ్చుకోవడానికి పట్టే సమయం సుమారు ఇరవై నిమిషాలు తగ్గిందని, ఉపాధి హామీ మీద ఇళ్లకు వచ్చే ఆదాయం 24 శాతం పెరిగిందని, మధ్యలో మాయమయ్యే సొమ్ము దాదాపు 41 శాతం తగ్గిందని తేలింది. ఆ పరిశోధన 2016లో ప్రచురితమైంది.

ఆ ఫలితాల కన్నా వారు పాటించిన ఒక క్రమశిక్షణను మీరు ఎక్కువ గమనించాలని నా కోరిక. సర్వే నాటికి ముందు వరుస మండలాల్లో కూడా సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. కార్డు చేతికందిన ఇళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఫలితం ఇంకా ఘనంగా కనిపించేది. కానీ కార్డులు ముందు అందిన ఊళ్లు సాధారణంగా రోడ్డు బాగున్నవి, సెల్ సిగ్నల్ అందేవి, చురుకైన అధికారి ఉన్నవి అయి ఉంటాయి. అందుకే కార్డు అందినా అందకపోయినా లాటరీలో ముందు వచ్చిన మండలాలన్నిటినీ, చివర వచ్చిన మండలాలన్నిటితో పోల్చారు. మీరు డబ్బు అందినవారినే వెతుక్కుంటూ వెళ్లడంలోని చిక్కు సరిగ్గా ఇదే. డబ్బు అందినవారు అందనివారికంటే కాగితాలు సక్రమంగా ఉన్నవారు, బ్యాంకు ఖాతా, ఆధార్ సరిపోలినవారు, బిడ్డను బడికి పంపుతున్నవారు. అంటే పథకం రాకముందు నుంచే వేరైన మనుషులు.

ఒక చోట తేలినది మరో చోటికి అలాగే వర్తిస్తుందనుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ముగ్గురే తరువాత ఝార్ఖండ్‌లో రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేయడంపై ఇలాంటి పరిశోధనే చేశారు. వేలిముద్ర ఒక్కటే సరుకుల దారి మళ్లింపును తగ్గించలేదని, ఆధార్ జత కాని పేదలు కొందరు సరుకులు కోల్పోయారని అక్కడ తేలింది. ఇక్కడి స్మార్ట్‌కార్డులోనూ వేలిముద్రే ఉంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివారికి పాత పద్ధతిలో డబ్బు ఆగిపోలేదు, ఝార్ఖండ్‌లో వేలు పడకపోతే బియ్యం లేదు. యంత్రం ఎలా పనిచేస్తుందన్నదాని కన్నా, అది పనిచేయనప్పుడు మనిషికి ఏమవుతుందన్న నిబంధనే ఫలితాన్ని మార్చింది.

ఇక లాటరీ లేని చోట ఏం చేయాలి? ప్రభుత్వాలు గీసే గీతలను వెతకాలి. అమ్మ ఒడికి అర్హత నిబంధనల్లో నెలకు 300 యూనిట్ల కరెంటు వాడకం ఒకటి. సగటున 295 యూనిట్లు వాడే ఇల్లూ 305 యూనిట్లు వాడే ఇల్లూ స్థితిగతుల్లో దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరికి డబ్బు వస్తుంది, మరొకరికి రాదు. గీతకు ఈ పక్కా ఆ పక్కా ఉన్నవారిని పోల్చే ఈ పద్ధతిని రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ అంటారు, మీ గైడ్‌కు ఈ పేరు చెబితే తెలుస్తుంది. ఉత్తర్వు చదవగానే ఈ ఆలోచన మీకే తట్టి ఉండేది. అయితే తొందరపడకండి. అదే 300 యూనిట్ల గీత బియ్యం కార్డుకూ పింఛనుకూ ఇంకా కొన్ని పథకాలకూ వర్తించింది. ఆ గీత దాటిన ఇల్లు అమ్మ ఒడిని మాత్రమే కాదు, వాటన్నిటినీ ఒకేసారి పోగొట్టుకుంటుంది. అక్కడ మీరు కొలిచేది ఒక పథకాన్ని కాదు, ఒక మూటను. ఇంకో సంగతి, గీత ఎక్కడుందో ఇంటివారికి తెలిస్తే మీటరును రెండు చేస్తారు, అన్నదమ్ములు కాగితం మీద వేరు పడతారు. 300కు కాస్త కింద ఇళ్లు అసహజంగా గుమిగూడి కనిపిస్తే, గీతకు రెండు పక్కల వారూ ఒకేలాంటివారన్న నమ్మకం పోతుంది.

పక్క రాష్ట్రంతో పోల్చమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. తెలంగాణలో ఇలాంటి పథకం లేదు కదా, సరిహద్దుకు ఇవతలి కర్నూలు ఊళ్లనూ అవతలి గద్వాల ఊళ్లనూ తీసుకుని, 2020కి ముందూ వెనకా వాటి మధ్య తేడా ఎంత మారిందో చూడవచ్చునంటారు. ఇది తేడాల మధ్య తేడాను చూసే పద్ధతి. ఆలోచన మంచిదే గానీ, రెండు రాష్ట్రాలు బడులను మూసిన తీరు, తెరిచిన తీరు ఒకటి కావు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మీ దగ్గర లక్ష మంది పిల్లల వివరాలున్నా, పథకం పెట్టాలన్న నిర్ణయం జరిగింది ఒక్క రాష్ట్రంలో ఒక్కసారే. లక్ష మంది ఉన్నారు కదా అని కంప్యూటరు మీకు గొప్ప ఖచ్చితత్వం చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. బెర్ట్రాండ్, డుఫ్లో, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు 2004లో అమెరికా రాష్ట్రాల జీతాల డేటాతో దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. ఎప్పుడూ లేని చట్టాలను ఉన్నట్టు ఊహించుకుని, వాటి ‘ప్రభావాన్ని’ మామూలు పద్ధతిలో లెక్కిస్తే, నూటికి ఐదుసార్లు మాత్రమే పొరబడాల్సిన పరీక్ష 45 సార్ల వరకూ ‘ప్రభావం ఉంది’ అని చెప్పింది.

మరి మీరేం చేయాలి? నేనైతే మీ ప్రశ్నను ఇలా మార్చుకుంటాను. అమ్మ ఒడిలో ఇంట్లో ఎంత మంది చదువుకునే పిల్లలున్నా తల్లికి ఒక్క మొత్తమే వచ్చింది. చివరి విడత 2023 జూన్‌లో పడింది. ఆ తరువాత ప్రభుత్వం మారి, 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ పేరుతో మళ్లీ డబ్బు పడినప్పుడు నిబంధన మారింది. ఇప్పుడు చదువుకునే పిల్లలు ఎందరుంటే అన్ని మొత్తాలు. ఒక్కొక్కరికి 15,000 చొప్పున మంజూరై, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి. అంటే ఒక్క బిడ్డ చదువుతున్న ఇంటికి పెద్దగా మార్పు లేదు, ఇద్దరు చదువుతున్న ఇంటికి రెండో మొత్తం కొత్తగా వచ్చింది. కరోనా, కొత్త భవనాలు, ఇంగ్లీషు మీడియం, ప్రభుత్వం మారడం, ఇవన్నీ రెండు రకాల ఇళ్లకూ ఒకేలా తగిలాయి. రెండో మొత్తం మాత్రం ఒక రకం ఇంటికే తగిలింది. మీకు కావలసిన పోలిక మీ ఊళ్లోనే, ఒకే వీధిలో ఉంది.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న కూడా నాకు చాలా విలువైనదిగా కనిపిస్తోంది. కొడుకునూ కూతురినీ ఇద్దరినీ బడికి పంపుతున్న ఇంట్లో, ఒక్క మొత్తమే వచ్చిన రోజుల్లో ఆ డబ్బు ఎవరి ఫీజుకు పోయింది? కొడుకు ప్రైవేటు బడి బస్సెక్కి, కూతురు ఊరి బడికి నడిచి వెళ్లిన ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. రెండో మొత్తం వచ్చిన తరువాత ఆ కూతురి చదువు మారిందా? బడి మారిందా, పదో తరగతి తరువాత ఇంటర్‌లో చేరిందా, లేక ఆ డబ్బు కూడా కొడుకు ఫీజుకే కలిసిపోయిందా? ఇది ప్రభుత్వాలకు నిజంగా తెలియాల్సిన విషయం. ఎం.ఏ. విద్యార్థిని ఒక మండలంలో తన కాళ్ల మీద తిరిగి దీన్ని తెలుసుకోగలదు.

ఇద్దరు పిల్లల ఇళ్లూ ఒక్క బిడ్డ ఇళ్లూ మొదటి నుంచీ ఒకేలాంటివి కావు, ఆ సంగతి నిజమే. అందుకే స్థాయిని కాదు, మార్పును పోల్చాలి, 2025కు ముందు రెండు రకాల ఇళ్లలోనూ మార్పు ఒకే తీరుగా సాగుతోందని ముందు చూపించాలి. దానికి బడి అడ్మిషన్ రిజిస్టరు మీకు ప్రాణాధారం. ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో ఉండే ఆ పొడవాటి పుస్తకంలో బిడ్డ చేరిన తేదీ, తండ్రి పేరు, ఏ బడి నుంచి వచ్చింది, టి.సి. ఎప్పుడు తీసుకుంది, ఎక్కడికి వెళ్లింది, అన్నీ వరుసగా ఉంటాయి. మనుషులు ఏడాదిని మరిచిపోతారు, ఈ పుస్తకం మరిచిపోదు. అనుమతి పత్రం విశ్వవిద్యాలయం నుంచి ముందే తీసుకోండి.

సర్వేలో ప్రశ్న ఎలా అడుగుతారన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. చాలా ఏళ్ల కిందట ఉపాధి హామీ లెక్కలు సరిచూడడానికి మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) నకలు పట్టుకుని ఒక ఊరికి వెళ్లాను. వాకిట్లో చేటలో కందులు చెరుగుతున్న ఒకామెను, కూలి సరిగా అందుతోందా అమ్మా అని అడిగితే, తల ఎత్తకుండానే “అందుతాంది సార్, బాగనే ఇస్తాండారు” అంది. నా కాగితంలో ఆ వారానికి ఆమె పేరు ఎదురుగా ఆరు రోజుల పని, ఆరు రోజుల కూలి ఉంది. పక్కన కూర్చుని, సంక్రాంతికి ముందు వారం చెరువు పూడిక పనికి ఏయే రోజులు పోయినావమ్మా అని అడిగాను. చేట పక్కన పెట్టి వేళ్లు మడిచింది. “సోమారం పోతి, మంగళారం పోతి, బుధవారం సంతకు పోతిమి, బేస్తవారం పోతి, శుక్రవారం మా ఆడబిడ్డ వచ్చె…” మూడు వేళ్ల దగ్గర ఆగిపోయింది. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు అబద్ధం కాదు. కాగితంతో వచ్చిన అపరిచితుడికి ఏ ఇల్లాలైనా చెప్పే క్షేమమైన మాట అది.

మీరు వెళ్లి పథకం వల్ల మేలు జరిగిందా అని అడిగితే రెండు వందల మంది తల్లులూ జరిగిందనే అంటారు, ఎందుకంటే జరగలేదంటే పేరు తీసేస్తారేమోనన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. దానికి బదులు డబ్బు ఏ నెలలో పడింది, ఎంత తీశారు, తీసిన వారంలో ఎవరికి ఎంత కట్టారు అని అడగండి. చూపించడానికి వారికి అభ్యంతరం లేకపోతే పాస్‌బుక్కు చూడండి. జమ అయిన వరుస కింద రెండు మూడు రోజుల్లోనే తీసిన వరుస ఉంటే, ఆ డబ్బు ఫీజుకా, అంగడి బాకీకా, ఎరువులకా అని నెమ్మదిగా అడగవచ్చు. బాకీ తీర్చడానికి వాడినా మీరు నిరాశపడకండి. బాకీ తీరిన ఇంట్లో వచ్చే నెల ఫీజు కట్టడానికి డబ్బు మిగలవచ్చు. డబ్బుకు రంగు ఉండదు కాబట్టి, ఏ నోటు ఎక్కడికి పోయిందన్నది కాదు, ఇంటి ఖర్చుల్లో మొత్తం మీద ఏం మారిందన్నదే చూడాలి.

ఇళ్లను ఎంచుకోవడంలో మీ ఇష్టానికి చోటివ్వకండి. మీ మండలంలోని ఊళ్ల పేర్లన్నీ చీటీల మీద రాసి, కొన్ని తీసి, ఆ ఊళ్లలో బడి ఈడు పిల్లలున్న ఇళ్ల జాబితా వేసుకుని, అందులోంచి కూడా చీటీలతోనే తీయండి. చుట్టాల ఊరు రాకపోతే రాలేదు. రెండు వందల ఇళ్లు చాలా చిన్న సంఖ్య అన్నది ముందే తెలుసుకుని ఉండండి. నూటికి ఇరవై ఇళ్లలో కూతురు బడి మారుతున్న రెండు గుంపుల నుంచి నూరేసి ఇళ్లు తీస్తే, ఏ పథకమూ లేకపోయినా, తీయడంలోని అదృష్టం వల్లే ఆ రెండింటి మధ్య పదకొండు శాతం పాయింట్ల దాకా తేడా కనిపించవచ్చు. కాబట్టి తేడా కనిపించకపోతే ‘ప్రభావం లేదు’ అని రాయకూడదు, ‘ఇంత పెద్ద ప్రభావం ఉంటే మా సర్వేలో కనబడి ఉండేది, అంతకన్నా చిన్నదైతే మేం చెప్పలేం’ అని రాయాలి. అలా రాసిన ప్రాజెక్టును నేను ఎంతో గౌరవిస్తాను. నలుగురు స్నేహితులు కలిసి నాలుగు మండలాలు పంచుకుంటే ఇంకా మేలు.

పన్నుల విషయానికి వస్తే, డేటా దొరకదన్నది సగం నిజం. ఒక్కొక్కరి రిటర్నులు మీకు దొరకవు, దొరకకూడదు కూడా. కానీ ఆదాయపు పన్ను శాఖ ఏ ఆదాయ శ్రేణిలో ఎంత మంది రిటర్నులు వేశారో పట్టికలుగా ప్రచురిస్తోంది. అందులో నాలుగున్నర నుంచి ఐదు లక్షలు, ఐదు నుంచి ఐదున్నర లక్షలు అనే సన్నని శ్రేణులు కూడా ఉన్నాయి. 2019–20 నుంచి పాత విధానంలో పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయం సరిగ్గా ఐదు లక్షలుంటే రిబేటు వల్ల పన్ను సున్నా. దానికి పది రూపాయలు ఎక్కువైతే సెస్సుతో కలిపి దాదాపు 13,000. పది రూపాయల ఆదాయానికి పదమూడు వేల పన్ను పడే ఆ అంచుకు ఇవతల జనం ఎలా గుమిగూడతారో చూడడాన్నే ఈ రంగంలో బంచింగ్ పద్ధతి అంటారు. వారు నిజంగా తక్కువ సంపాదించారా, లేక పొదుపు పెట్టుబడులు చూపించి అంచుకు ఇవతల ఉండిపోయారా అన్నది వేరే పరిశోధన. డెన్మార్క్‌లో పన్ను చెల్లింపుదారులను యాదృచ్ఛికంగా ఎంచుకుని తనిఖీలు చేసినప్పుడు, యజమానీ బ్యాంకూ నేరుగా ప్రభుత్వానికి తెలిపే ఆదాయంలో ఎగవేత దాదాపు లేదని, మనిషి తానే చెప్పుకునే ఆదాయంలో బాగా ఉందని తేలింది. జీతం నుంచి ముందే పన్ను కోసుకునే మన టీడీఎస్‌కు ఉన్న బలం కూడా అదే.

రెండు తెలుగు రాష్ట్రాల మధ్య మరో గీత ఉంది. సరుకులు అమ్మే వ్యాపారులు జీఎస్టీ నమోదు చేసుకోవాల్సిన వార్షిక టర్నోవరు పరిమితిని 2019 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు పెంచుకుంటే, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉంచుకుంది. రాష్ట్రం దాటకుండా అమ్ముతూ ఏడాదికి ముప్పై లక్షల వ్యాపారం చేసే కిరాణా కొట్టుకు జగ్గయ్యపేటలో నమోదు అక్కరలేదు, అదే హైవే మీద కొద్ది దూరంలో ఉన్న కోదాడలో తప్పనిసరి. టోకు వ్యాపారి దగ్గర బిల్లుతో కొంటారా, బిల్లు లేకుండా కొంటారా, పరిమితి దాటకుండా కొట్టును భార్య పేరున రెండుగా చీలుస్తారా అన్నది ఈ రెండు ఊళ్లలో అడిగి చూడవచ్చు. కానీ దుకాణదారు తన టర్నోవరును మీకు చెప్పడు. పీహెచ్‌డీలో చేరిన తరువాత, చేతిలో రెండు మూడేళ్లు ఉన్నప్పుడు దీని సంగతి చూద్దురు గానీ, ఇప్పుడు మాత్రం పిల్లల చదువుల మీదే ఉండండి.

మీ అమ్మగారికి డబ్బు అందింది కాబట్టి మీరు నిష్పక్షపాతంగా ఉండలేరేమో అన్నారు. ఈ ప్రశ్న మీకు రావడమే నాకు సంతోషంగా ఉంది. డబ్బు పడిన రోజు ఇంట్లో ఏ మాటలు నడిచాయో, ఎవరి అవసరం ముందు తీరిందో మీకు తెలుసు. ఆ అనుభవం ఏ ప్రశ్న అడగాలో చెబుతుంది, దాన్ని వదులుకోకండి. ఫలితం వైపు మనసు మొగ్గకుండా ఉండడానికి మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఊళ్లకు వెళ్లకముందే, ఏ ఇళ్లను ఏ ఇళ్లతో పోలుస్తారో, ఏ అంకెను కొలుస్తారో, ఎంత తేడా వస్తే దేన్ని నమ్ముతారో ఒక పేజీలో రాసి, తేదీ వేసి, మీ గైడ్‌తో సంతకం చేయించి ఒక నకలు ఆయన దగ్గరే ఉంచండి. తరువాత మీకు నచ్చిన ఫలితం రాకపోయినా ఆ పేజీ ప్రకారమే రాయండి. ఆ పేజీలో లేని విషయం మధ్యలో కనబడితే, అది తరువాత కనబడినదని చెప్పి రాయండి.

లెక్కల గురించి భయపడకండి. ఈ ప్రాజెక్టుకు కావలసింది సగటులు, తేడాలు, ఒక రిగ్రెషన్, ఒకే ఊరి ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయని గుర్తుంచుకుని ఊళ్ల వారీగా ప్రమాణ దోషం, అంటే మన అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత, లెక్కించడం. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో అంతా చేయవచ్చు. కేంద్ర గణాంక శాఖ తన సర్వేల ఇంటింటి డేటాను పేర్లు తీసేసి, నమోదు చేసుకున్న ఎవరికైనా ఉచితంగా ఇస్తోంది. సెలవుల్లో వినియోగ వ్యయ సర్వే దించుకుని, మీ జిల్లా ఇళ్లు చదువుల మీద ఎంత ఖర్చు చేస్తున్నాయో చూసుకుంటే చేతికి అలవాటవుతుంది.

ఇంటింటికీ వెళ్లినప్పుడు, నేను ప్రభుత్వం నుంచి రాలేదు, మీరు చెప్పే మాట వల్ల మీకు డబ్బు రాదు, పోదు, ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయవచ్చు అని ముందే చెప్పండి. ఆధార్ నంబరు అడగకండి, పాస్‌బుక్కుకు ఫోటో తీయకండి, కాగితం మీద ఇంటికి పేరు కాకుండా అంకె వేసుకోండి, ఆ అంకె ఎవరిదో తెలిపే జాబితాను వేరే చోట దాచి ప్రాజెక్టు అయ్యాక చించేయండి. ఇంట్లో కొడుకూ కూతురూ ఇద్దరూ ఉన్నప్పుడు, వీలైతే ఆ అమ్మాయితో కూడా ఆమె తల్లి సమ్మతితో రెండు నిమిషాలు విడిగా మాట్లాడండి. ఆమె ఏ బడికి ఎలా వెళ్తోందో ఆమె నోటే వినండి.